64 గళ్లు, 20 అంకెలు.. గొలుసు స్కీముల గుట్టు చెప్పే సంఖ్య

18446744073709551615. చదరంగం బోర్డు మొదటి గడిలో ఒక్క గింజ, రెండో దాంట్లో 2, మూడో దాంట్లో 4.. ఇట్లా 64 గళ్ల దాకా రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే మొత్తం ఇదే. షత్రంజ్ ఆడేవాళ్లు ఈ కథ వినే ఉంటారు.

వెయ్యేళ్ల కిందటే అల్ బిరూనీ ఈ లెక్క తేల్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం రాశాడని పేరున్న పావులూరి మల్లన ఇదే సంఖ్యను ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. అందులో అంకెలుండవు, మాటలే. గగనం అంటే 0, చంద్రుడు 1, వేదం 4, శరం 5. మొదటి మాట ఒకట్ల స్థానం. అక్కడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి, అచ్చం ఉర్దూ రాసినట్టే!

ఈ సంఖ్యను 3, 5, 17, 257, 641, 65537, 6700417 భాగిస్తాయి. ఈ ఏడింటినీ గుణిస్తే మళ్లీ అదే సంఖ్య వస్తుంది. 4294967297ని ఇంకే సంఖ్యా భాగించదని ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. కంప్యూటర్ భాషలో మాత్రం ఈ సంఖ్య వరుసగా 64 ఒకట్లు, అంతే.

ఇప్పుడు మన వడ్ల దగ్గరికి వద్దాం. కిలోకు 50 వేల గింజలు అనుకుంటే 21వ గడి నిండేసరికి మొత్తం 20,97,151 గింజలు. అంటే 40 కిలోల బస్తా కంటే కొంచెం ఎక్కువ. సగం బోర్డు నిండితే 86 టన్నుల దాకా, నాలుగు లారీల సరుకు. ఇంతవరకు నమ్మేట్టే ఉంది. కానీ 64 గళ్లూ నిండాలంటే దాదాపు 36,890 కోట్ల టన్నులు కావాలి. దేశమంతా ఏడాదికి 15 కోట్ల టన్నులు పండించినా 2,400 ఏళ్లు దాటుతుంది.

'మీరు ఇద్దరిని చేర్పిస్తే చాలు' అనే గొలుసు స్కీములు నడిచేది కూడా ఈ లెక్క మీదనే. ఒకరితో మొదలై ప్రతి ఒక్కరూ ఇద్దరిని చేర్పిస్తే, 21వ వరుసకు అదే 20,97,151 మంది కావాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చంటిపిల్లలను కలిపినా 2011 లెక్కల ప్రకారం అంత జనం లేరు. ఇంకో సంగతి. ఏ గడిలోనైనా, దాని ముందున్న గళ్లన్నీ కలిపిన దానికంటే ఒకటి ఎక్కువే ఉంటుంది. 21వ వరుసలో 10,48,576 మంది, పైనున్న వాళ్లంతా కలిపి 10,48,575. అంటే గొలుసు ఎక్కడ తెగినా, చేరినవాళ్లలో సగానికి పైగా కింది వరుసలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు, కట్టిన పైసలు తిరిగి రావు.

ఇట్లాంటి మనీ సర్క్యులేషన్ స్కీములను 1978 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. నడిపినవాళ్లే కాదు, తెలిసి సభ్యులుగా చేరినవాళ్లు కూడా చిక్కుల్లో పడతారు. మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.