చిన్న తరగతిలో పెద్ద లోకము

"పిల్లలకు అక్షరాలు, ఎక్కాలు వస్తే చాలు. లోకజ్ఞానం పెద్దయ్యాక అదే వస్తుంది" అని మన గ్రామములలో అనేకులు అనుకొందురు. అక్షరాలు, ఎక్కాలు తప్పక రావలెను. అయితే ఐదవ తరగతి దాటకముందే మన బిడ్డలు ఇతర దేశముల ప్రజలను గూర్చియు తెలిసికొనవలెనని మేము నమ్ముచున్నాము. యునెస్కో సంస్థ కూడ 1974లోనే సభ్యదేశములకు ఇట్టి విద్యను సిఫారసు చేసినది.

దీనికి ఖరీదైన పుస్తకములు అక్కరలేదు. క్రోసూరు బడిపిల్లలకు లోకము వారి చేలలోనే యున్నది. మనము పండించు మిరప ఈ దేశపు మొక్క కాదు. అది అమెరికా ఖండములలో పుట్టి, సుమారు 500 ఏండ్ల క్రితము పోర్చుగీసువారి ఓడలలో మన దేశము చేరినది. నేడు మన కల్లములలో ఎండిన కాయలు టిక్కీలలో గుంటూరు యార్డుకు వెళ్లి, అక్కడనుండి చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక మొదలగు దేశములకు పోవుచున్నవి. అక్కడ కొనుగోలు తగ్గినచో ఇక్కడ ధర పడిపోవును. ఈ దారిని పటము మీద వ్రేలితో చూపించినచో భూగోళము కంఠస్థము చేయు పాఠముగా ఉండదు. తన తండ్రి కష్టమును గూర్చిన కథయగును.

మన సంఘ చరిత్రయు అట్టిదే. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి బడులు పెట్టించెను. 1849లో పల్నాటికి వచ్చి గురజాలలో పని ప్రారంభించెను. ఎరుగని ప్రజల బిడ్డల చదువు తన భారమని ఆయన తలంచెను.

అయితే లోకమును ఎరుగుట అనగా విదేశ వ్యామోహము కాదు, నాలుగు ఇంగ్లీషు మాటలు పలుకుటయు కాదు. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు సమరయుని చూపించెను (లూకా 10:25-37). చైనా పిల్లల బొమ్మలు చూచి సంతోషించు బిడ్డ, తన బడిలోనే వేరే పేట పిల్లవాని ప్రక్కన కూర్చుండి భోజనము చేయుటకు వెనుదీసినచో ఆ చదువు వ్యర్థమే.

తల్లిదండ్రులారా, మరియొక మాట. 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలకు ఉచిత విద్య హక్కని 2009లో చట్టము వచ్చినది. అయినను కోతల కాలములో కొందరు బిడ్డలు బడి మానుచున్నారు. ఇంటిలో కూలి డబ్బుల అవసరము మేము ఎరుగనిది కాదు. కాని కాయలు కోయుటకై బడి మానిన బిడ్డకు, ఆ కాయ దాటి వచ్చిన సముద్రములను గూర్చి ఎవరు చెప్పుదురు?

కావున ప్రతి సండేస్కూలు గోడకు ఒక ప్రపంచపటము తగిలించుదము. వారమునకొక దేశము పేరు చెప్పి, ఆ దేశపు పిల్లల కొరకు మన పిల్లలచేత ప్రార్థన చేయించుదము. కోతల కాలములో బడికి రాని బిడ్డల ఇండ్లకు సంఘ పెద్దలు వెళ్లి మాటలాడుదురు గాక. ఒక్కని నుండియే సమస్త జనములను కలుగజేసిన దేవుడు (అపొ. కార్య. 17:26) మన బిడ్డలను దీవించును గాక.