పసుపు పేటెంటులో 'పొడి' అన్న మాట విలువ ఎంత?

కొమ్ములకు ఒక ధర, కాయలకు ఒక ధర. చీటీలో ఒక్క మాట మారితే లెక్క మారుతుందని కర్నూలు-కడప కాలువ కింద పండే పసుపు కొనే వర్తకులకు వేరే చెప్పనక్కర లేదు. పేటెంటు తగాదాల్లోనూ బేరమంతా మాటల మీదే. పత్రం ఎన్ని పేజీలున్నా హక్కుకు హద్దులు గీసేవి చివర వరుస అంకెలతో రాసే 'క్లెయిము'లే.

1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పరిశోధకులిద్దరికి 5,401,504 నంబరు పేటెంటు మంజూరయింది. పసుపునే పేటెంటు చేశారనుకోవడం పొరపాటు. మొదటి క్లెయిము కోరింది పసుపు పొడి మాత్రమే గల మందుతో గాయం మాన్పే పద్ధతిని. కొమ్ముల ఎగుమతికి దానితో నిమిత్తం లేదు.

ఈ 'మాత్రమే' చాలా ముఖ్యం. మిశ్రమంలో పసుపు సారం, మిరియాల సారం 'మాత్రమే ఉంటాయి' అని క్లెయిము రాస్తే, అల్లం కూడా కలిపిన వ్యాపారి సాధారణంగా దాని పరిధిలోకి రాడు. ఆ రెండూ 'కలిగి ఉంటుంది' అని రాస్తే మాత్రం అల్లం కలిపినంత మాత్రాన తప్పించుకోలేడు.

1996 అక్టోబరులో మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 32 ఆధారాలతో పునఃపరిశీలన కోరింది. వాటిలో 1953 నాటి భారత వైద్య సంఘ పత్రిక వ్యాసం కూడా ఉంది. పేటెంటుదారులు 'పొడి' అన్న మాటను పట్టుకున్నారు. పాత గ్రంథాలు చెప్పింది ముద్ద గురించి, శరీరం పొడిని గ్రహించే తీరు వేరు అని వాదించారు. రెండూ గాయానికి ఒకే విధంగా పనిచేసేవేనని పరిశీలకుడు 1997 ఆగస్టులో క్లెయిములన్నీ తిరస్కరించారు.

కడప ఇళ్ళలో తరతరాలుగా గాయానికి పసుపు పెడుతున్నారన్న మాట అక్కడ చెల్లేది కాదు. నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశాల్లోని వాడుకకు అచ్చులో ఆధారం ఉండాలి. మన చట్టంలో 2003 నుంచి అమలులో ఉన్న 3(పి) నిబంధన సంప్రదాయ పరిజ్ఞానానికి పేటెంటు నిరాకరిస్తుంది. గుణాల కూడికే తప్ప కొత్త ఫలితమివ్వని మిశ్రమానికి 3(ఇ) అడ్డు.

విదేశీ కొనుగోలుదారు 'ఈ మిశ్రమంపై పేటెంటు ఉంది' అని రాస్తే, ముందు నంబరు, ఏ దేశానిది, ఇంకా అమలులో ఉన్నదా అని అడగాలి. ఆపై మొదటి క్లెయిము నకలు తెప్పించి, తన సరుకులోని దినుసులను ఒక్కొక్కటిగా దానితో సరిచూసుకోవాలి. ధర సంగతి ఆ తర్వాతే.