24 వోల్టుల మీటరుకు 12 వోల్టుల బ్యాటరీ పెడితే?

పాత అమెరికన్ సైనిక లారీ కొనుక్కున్నవాళ్లు ముందు ఇంజను చూసుకుంటారు, తర్వాత బ్రేకులు, టైర్లు. వైరింగు దగ్గరికి వచ్చేసరికి చిక్కుముడి మొదలవుతుంది. బండి 24 వోల్టులది. బజారులో చవగ్గా దొరికే ఆల్టర్నేటరు, సెల్ఫ్ మోటారు, బల్బులు, రేడియో అన్నీ 12 వోల్టులవి. సరే, బండి మొత్తాన్నీ 12కి మార్చేద్దాం అనుకుంటారు. మరి డాష్‌బోర్డు మీది మీటర్ల సంగతి?

అసలు సైన్యానికి 24 ఎందుకు? రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపు, జీఎంసీ రెండున్నర టన్నుల లారీ 6 వోల్టుల బండ్లే. ఒకే పనికి వోల్టేజీ నాలుగింతలైతే కరెంటు నాలుగో వంతు చాలు. తీగలు సన్నగా ఉండొచ్చు, గడ్డకట్టే చలిలోనూ సెల్ఫ్ గట్టిగా తిప్పుతుంది, వైర్‌లెస్ సెట్లకు తిండి సరిపోతుంది. అందుకే 1950 ప్రాంతం నుంచి వచ్చిన ఎం38 జీపు, ఎం37, ఎం35 లారీలు 24 వోల్టులతో వచ్చాయి. మన రోడ్ల మీది పెద్ద లారీల్లో 24 వోల్టులు ఉండటానికీ కారణం ఇదే. కాబట్టి పాత బండ్ల మోజున్నవాళ్లకు రెండు రకాల మార్పిడి ఎదురవుతుంది: యుద్ధకాలపు జీపును 6 నుంచి 12కి ఎక్కించడం, తర్వాతి లారీని 24 నుంచి 12కి దించడం.

డాష్‌బోర్డులో ప్రతి మీటరుకూ వోల్టేజీతో పని ఉండదు. విల్లీస్ జీపులో ఆయిల్ ప్రెషర్ మీటరుకు ఇంజను నుంచి సన్నటి గొట్టం వస్తుంది, టెంపరేచర్ మీటరుదీ గొట్టమే, స్పీడోమీటరుది కేబులు. వీటి జోలికి పోనక్కర్లేదు. యాంపియర్ మీటరు కూడా మారదు. అది కొలిచేది కరెంటును. కాకపోతే వోల్టేజీ రెట్టింపైన బండిలో అవే లైట్ల కాంతికి సగం యాంపియర్లే చూపిస్తుంది, కంగారు పడొద్దు. మిగిలేవి కరెంటుతో నడిచే పెట్రోలు మీటరు, కొన్ని బండ్లలో ఆయిల్, టెంపరేచర్ మీటర్లు, వాటితో పాటు లోపలి బల్బులు. బల్బు మార్చేస్తే సరి.

కరెంటు మీటర్లలో రెండు జాతులు. స్విచ్ వేశాక ముల్లు తీరిగ్గా లేచి, ఆపాక అంతే తీరిగ్గా దిగితే అది వేడితో పనిచేసే మీటరు. లోపల రెండు లోహాలు అతికించిన రేకు, దాని మీద హీటరు తీగ చుట్టి ఉంటాయి. వేడెక్కితే రేకు వంగి ముల్లును నెడుతుంది. స్విచ్ వెయ్యగానే ముల్లు చటుక్కున దూకితే అది రెండు చుట్టల మీటరు. రెండు తీగచుట్టలు ముల్లును చెరోవైపు లాగుతాయి. వాటి మధ్య నిష్పత్తిని ట్యాంకులోని ఫ్లోటు, దానికి కలిపిన రెసిస్టెన్సును మార్చి, మారుస్తుంది. బ్యాటరీ తగ్గితే రెండింటి బలమూ ఒకే పాళ్లలో తగ్గుతుంది కాబట్టి ముల్లు దాదాపు అక్కడే నిలుస్తుంది. 24 వోల్టుల రెండు చుట్టల మీటరుకు 12 ఇచ్చినా ఇంచుమించు సరిగానే చూపుతుంది, కదలిక మాత్రం బద్ధకిస్తుంది. వేడి మీటరు అలా కాదు. వోల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగింతలు. 6 వోల్టుల దానికి 12 నేరుగా ఇస్తే ముల్లు చివరికి వెళ్లి ఆగిపోతుంది, తర్వాత తీగ కాలుతుంది.

దీనికి చాలామంది చెప్పే మందు, మధ్యలో ఒక రెసిస్టరు. ఈ మందు రోగాన్ని దాస్తుంది. లెక్క కోసం ఇలా అనుకుందాం: ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మీటరూ ఫ్లోటూ కలిసి 30 ఓములు, అడుగంటినప్పుడు 100 ఓములు. 6 వోల్టుల మీద వరుసగా 0.2, 0.06 యాంపియర్లు పారతాయి. 12 వోల్టులకు మారి 30 ఓముల రెసిస్టరు పెడితే నిండు ట్యాంకు దగ్గర మళ్లీ 0.2 వస్తుంది, భేష్. అడుగంటినప్పుడు? 12ను 130తో భాగించండి: 0.092. ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు. మీటరులో వేడి సుమారు 2.4 రెట్లు. అంటే ట్యాంకు ఎండిపోతున్నా ముల్లు ధైర్యం చెబుతూనే ఉంటుంది. నడిరోడ్డు మీద బండి ఆపేది ఇలాంటి మీటరే.

సరైన దారి ఫోర్డ్ ఎప్పుడో చూపించింది. 1956లో తన కార్లను 12 వోల్టులకు మార్చినప్పుడు మీటర్లను పాత వోల్టేజీకి దగ్గరలోనే ఉంచి, వాటి ముందు చిన్న రెగ్యులేటరు పెట్టింది. అది టకటకా కలుస్తూ విడిపోతూ సగటున 5 వోల్టుల దాకా పంపుతుంది. ఇప్పుడు ఆ పనిని 7806 లాంటి మూడు కాళ్ల ఐసీ చేస్తుంది. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి, ఉంటుంది, అక్కడ దీన్ని ఇలాగే పెట్టేయకూడదు.

24 నుంచి 12కి దించిన లారీలో నా ఓటు మీటరును అసలు ముట్టుకోకపోవడానికే. 12ను 24 చేసే చిన్న కన్వర్టరు ఒకటి డాష్‌బోర్డు వెనక పెట్టి, మీటర్లకు మాత్రమే దాని నుంచి కరెంటు ఇవ్వండి. ఒక్క మీటరును మాత్రం దానికి కలపొద్దు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలుండే బ్యాటరీ మీటరు. కన్వర్టరు ఇచ్చే వోల్టేజీనే చూసి అది ఎప్పుడూ ఆకుపచ్చలోనే ఉంటుంది, బ్యాటరీ చచ్చిపోతున్నా. దాని చోట 12 వోల్టుల వోల్టుమీటరు పెట్టుకోవాలి.

బండిని 24 మీదే ఉంచి 12 వోల్టుల మీటరు తగిలించేవాళ్లు రెండు బ్యాటరీల మధ్య నుంచి తీగ లాగుతుంటారు. వద్దు. ఒక బ్యాటరీ ఎప్పుడూ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, రెండోది మితిమీరి చార్జవుతుంది, చివరికి రెండూ పాడవుతాయి. మూడు కాళ్ల ఐసీ కూడా ఇక్కడ ఇబ్బందే: బండి నడుస్తున్నప్పుడు 28 వోల్టులు, అందులో 12 పోగా 16, అర యాంపియర్ తీసుకున్నా 8 వాట్ల వేడి. వాహనాలకని తయారైన, వోల్టేజీ పోట్లను తట్టుకునే 24–12 కన్వర్టరే కొనండి.

కొత్త మీటరు కొనేముందు ఫ్లోటు సంగతి చూడండి. ఎం వరస లారీల ట్యాంకు ఫ్లోటు ఖాళీకి 0, నిండుకు 30 ఓములు. బజారులో ఎక్కువగా దొరికే మీటర్లు ఖాళీకి 240, నిండుకు 33 ఓములు చూసుకునేవి. ఆ రెండూ కలిపితే ట్యాంకులో చుక్క లేకపోయినా ముల్లు ఎప్పుడూ ‘ఫుల్’ దాటే ఉంటుంది. 1964 వరకు వచ్చిన జీఎం 12 వోల్టుల కార్ల మీటర్లు 0–30వే, అవి సరిపోతాయి.

బిగించేముందు బల్ల మీదే పరీక్షించుకోవచ్చు. 0–30 మీటరైతే ఫ్లోటు తీగ స్థానంలో 15 ఓముల, 5 వాట్ల రెసిస్టరు కలిపితే ముల్లు సగం దగ్గర, 30 కలిపితే నిండు దగ్గర నిలవాలి. బ్యాటరీ తీగను నేరుగా ఫ్లోటుకు తాకించి మాత్రం చూడకండి. ఆ ఫ్లోటు ఉన్నది పెట్రోలు ఆవిరిలో.

యుద్ధకాలపు మీటరు గాజు మూత ఊడదీసే ఆలోచన ఉంటే అసలు మానుకోండి. చీకట్లో మెరవడానికి ఆనాటి డయళ్ల మీద రేడియం కలిపిన రంగు పూసేవారు. మెరుపు పోయిందంటే అందులోని మెరిసే పదార్థం అలసిపోయిందనే, రేడియం పోయిందని కాదు. అది సగం కావడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. పొడిగా రాలే ఆ రంగు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అలాంటి మీటరు పాడైతే తెరవకుండా పక్కన పెట్టి, దాని స్థానంలో కొత్తది బిగించండి.