ఒక్క ఫంగస్ కోసం 600 ఎకరాల అడవి!

స్టార్టప్‌లు, కోచింగ్ సెంటర్లు... ఏవి ఎక్కువైనా ‘పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి’ అనేస్తాం. నేనూ అలాగే అనేవాణ్ణి, ‘బ్రిడ్జియోపోరస్ నొబిలిస్సిమస్’ గురించి చదివేదాకా.

నోరు తిరగట్లేదు కదా! అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్, ఓరెగాన్ రాష్ట్రాల పాత అడవుల్లో చాలా అరుదుగా కనిపించే ఫంగస్ ఇది. వానకి మొలిచి నాలుగు రోజుల్లో పోయే రకం కాదు. ‘నోబుల్ ఫర్’ లాంటి భారీ చెట్ల మొదళ్లకి అతుక్కుని ఏళ్ల తరబడి పెరుగుతుంది. 1943లో శాండోజ్ అన్నదమ్ములకు దొరికినదాని బరువెంతో తెలుసా? సుమారు 136 కిలోలు!

అంత పెద్దదైనా సులువుగా కళ్లబడదు. ఒంటి నిండా నూగు, ఆ నూగు మీద నాచు. దూరం నుంచి చూస్తే పాత మొద్దులాగే ఉంటుంది. సియాటెల్‌లో ఉన్నప్పుడు కాస్కేడ్ కొండల్లో హైకింగ్‌కి వెళ్లి, పెద్ద చెట్టు కనిపిస్తే చాలు, మొదట్లోకి వంగి వంగి చూశా. ఒక్కటీ దొరకలేదు.

అసలు చిక్కంతా చెట్టుతోనే. దీనికి బాగా లావెక్కిన ముసలి మాను కావాలి. నోబుల్ ఫర్‌ని క్రిస్మస్ ట్రీల కోసం తోటల్లోనూ పెంచుతారు గానీ, చిన్నగా ఉండగానే కొట్టేస్తారు. అడవిలోని పెద్ద మానులేమో చాలావరకు కలప కింద పోయాయి. మొక్కనైతే ఇవాళ నాటగలం. రెండొందల ఏళ్ల మానును నాటలేం కదా!

అదృష్టం ఏమిటంటే, దీని పేరు సమయానికి కాగితం మీదకెక్కింది. 1994లో అక్కడి ఫెడరల్ అడవులకు తెచ్చిన ప్లాన్‌లో, ఇది ఉన్న కొన్ని చోట్ల చుట్టూ 600 ఎకరాల దాకా కాపాడాలని రాశారు. మరుసటి ఏడాది ఓరెగాన్‌లో ముప్పున్న జాతుల జాబితాలోనూ చేరింది. అంటే ఒక్క ఫంగస్ పేరు మీద అంత అడవి గొడ్డలి నుంచి తప్పించుకుందన్నమాట.

మరి మిగతా ఫంగస్‌ల సంగతి? 2025 మార్చి నాటికి ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో 1,69,000కి పైగా జాతులుంటే, ఫంగస్‌లు 1,300 మాత్రమే. అందులోనూ కనీసం 411 అంతరించే ముప్పులో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఇది వెంటనే అర్థమైంది. డేటాబేస్‌లో ఎంట్రీయే లేకపోతే, ఎంత వెతికినా రిజల్ట్ రాదు. లిస్టులో లేని జాతి పోయినా అంతే, ఎవరికీ తెలియదు.

ఈసారి అడవికెళ్లినప్పుడు చెట్టు మొదట్లో వింత ఫంగస్ ఏదైనా కనిపిస్తే కొయ్యకండి, తినకండి. ఫొటో తీసి ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. దాని పేరు లిస్టుకెక్కే దారిలో అదే మొదటి అడుగు కావచ్చు.