బొంగురు గిటారు

కురవి జాతరలో మైకు విన్నారా బిడ్డా? స్తంభానికి కట్టిన హారన్ మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లవాడి పేరు చదువుతుంటారు. పేరు వినపడుతుంది గానీ దాని చుట్టూ ఒక గరగర అంటుకొని వస్తుంది. డోర్నకల్ ప్లాట్‌ఫారం మీదా అంతే, కాళేశ్వరం ఘాటు దగ్గరా అంతే. "మైకు పగిలింది" అంటాం, చెవులు మూసుకుంటాం. అదే గరగర గిటారులోంచి వస్తే మాత్రం మీ అన్న హెడ్‌ఫోన్ తీయడు, అన్నానికి పిలిచినా పలకడు. ఒకచోట రోతగా ఉన్నది ఇంకొకచోట రుచి ఎట్లయిందో ఈ పొద్దు ఆ ముచ్చట చెప్పుకుందాం. చాయ్ తాగేవాళ్ళు తాగండి, నేను చెప్తూ ఉంటా.

శబ్దమంటే గాలి ముందుకూ వెనక్కూ ఊగడమే. మైకు ఆ ఊపును కరెంటు ఊపుగా మారుస్తుంది, ఆంప్లిఫయరు దాన్ని పెంచుతుంది. ఎంతవరకు పెంచుతుంది? దాని వెనక ఉన్న బ్యాటరీ ఎంత ఇవ్వగలదో అంతవరకే. 9 వోల్టుల బ్యాటరీ పెట్టిన చిన్న డబ్బాను 20 వోల్టుల ఊపు ఇమ్మంటే ఇవ్వలేదు. అల పైకి లేచి లేచి ఆ హద్దుకు తగిలి అక్కడే ఆగిపోతుంది.

మానికతో వడ్లు కొలిచేటప్పుడు ఏం చేసేవాళ్ళో మీ నానమ్మను అడగండి. నిండా పోస్తే మానిక అంచు దాటి పైన కుప్ప నిలుస్తుంది. కర్ర పెట్టి అంచు మీదుగా ఒక్క గీత గీస్తే కుప్ప పోయి పైన చదునైపోతుంది. అట్లా కాకుండా అరచేత్తో మెల్లగా తోస్తే కుప్ప పోతుంది గానీ అంచుల దగ్గర కొంచెం గుండ్రం మిగులుతుంది. అలకు కూడా ఈ రెండు తీర్లలో తల తెగుతుంది. కర్రతో గీసినట్టు తెగితే శబ్దం కరుకుగా, ముళ్ళు మొలిచి వినపడుతుంది. అరచేత్తో తోసినట్టు తెగితే మెత్తగా, బొంగురుగా ఉంటుంది. గిటారు వాయించేవాళ్ళు ఫజ్, డిస్టార్షన్, ఓవర్‌డ్రైవ్ అని మూడు పేర్లు చెప్తారు. ఫజ్ ఎక్కువగా కర్ర పక్షం, ఓవర్‌డ్రైవ్ అరచేతి పక్షం, డిస్టార్షన్ ఆ నడుమ ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు అసలు వింత. తల తెగింది కాబట్టి శబ్దంలో ఏదో తగ్గాలి కదా? తగ్గదు, పెరుగుతుంది! ఎంత వంకర టింకర అలనైనా నున్నని అలల కూడికగా రాయవచ్చని ఫ్రాన్సు దేశపు ఫోరియర్ అనే ఆయన చూపించాడు, 1822లో పుస్తకమే అచ్చువేశాడు. గిటారులో అయిదో తీగ వదిలి మీటితే సెకనుకు 110 సార్లు ఊగుతుంది. అది నున్నని అలే అనుకోండి. దాని తలనూ అడుగునూ సమానంగా తెగ్గొడితే 330, 550, 770 ఊపులు కొత్తగా పుడతాయి. మూడు రెట్లు, అయిదు రెట్లు, ఏడు రెట్లు, అన్నీ బేసి సంఖ్యలే. ఆ 110ని మన సా అనుకుంటే 330 పైస్థాయి పంచమం, 550 ఆ పై స్థాయిలో అంతర గాంధారం. 770 మాత్రం మన స్వరాల్లో సరిగ్గా ఎక్కడా కూర్చోదు, నిషాదం పక్కన కొంచెం కిందికి నిలబడుతుంది. గిటారు బొంగురులో ఆ చురుకు దానిదే. ఇక ఒకపక్క ఎక్కువ, ఒకపక్క తక్కువ తెగ్గొడితే సరి సంఖ్యలు కూడా వస్తాయి, 220, 440, అంటే సా మీద సా. శబ్దం నిండుగా అవుతుంది.

చెవికి ఈ గరగర ఎందుకు నచ్చుతుందంటే కొత్తగా పుట్టినవన్నీ పాత స్వరానికి చుట్టాలే. పెంబర్తి ఇత్తడి పళ్ళెం మీద ఒక్కటి కొట్టి చూడండి. ఖంగుమంటుంది, చాలాసేపు మోగుతుంది, కానీ అందులో సా ఏదో పట్టుకొని పాడమంటే కష్టం. పళ్ళెంలో లేచే ఊపులు ఒకదానికి ఒకటి రెండు రెట్లు, మూడు రెట్లు అని లెక్క కుదరవు. తెగిన అలలో పుట్టేవి ఆ లెక్క తప్పవు.

ఈ సంగతి గిటారు రాకముందే మనవాళ్ళ చెవికి తెలుసు. పాలకుర్తి సోమనాథుడు మన జనగామ జిల్లావాడే కదా, ఆయన పండితారాధ్య చరిత్రలో ఎన్ని రకాల వీణల పేర్లు చెప్పాడో చూస్తే వాద్యాల మీద మనకెంత మోజో తెలుస్తుంది. తంబూర దగ్గరికి పోయి చూడండి. తీగను మోసే బ్రిడ్జి కత్తి అంచుగా ఉండదు, వెడల్పుగా, కొంచెం వంపుతో ఉంటుంది. ఆ వంపు మీద, తీగ కింద, ఒక దారప్పోగు పెడతారు. పోగును అటూ ఇటూ జరుపుతూ వింటుంటే ఒకచోట తీగకు ప్రాణం లేచొస్తుంది, ఝుమ్మంటుంది. ఊగే తీగ ఆ వంపును రాసుకుంటూ పోవడంతో పై స్వరాలన్నీ వికసిస్తాయి. సా తీగ మీటితే ఎవరూ మీటని గాంధారం వినపడుతుంది. పెద్దలు దాన్నే స్వయంభూ గాంధారం అన్నారు.

విశాఖపట్నంలో చదువుకున్న ఒక పిల్లవాడు పెద్దయ్యాక దీని వెంట పడ్డాడు. సి.వి. రామన్ గారే. వాళ్ళ నాన్న అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆకాశం రంగూ సముద్రం రంగూ అని వెలుతురు మీద పడకముందు రామన్ గారికి వాద్యాల పిచ్చి. తీగను సరిగ్గా నడుమ మీటితే, నడుమ కదలకుండా ఉండాల్సిన స్వరాలు పుట్టకూడదని యూరప్ శాస్త్రజ్ఞుల నియమం. తంబూర, వీణ ఆ నియమాన్ని పాటించడం లేదని, పుట్టకూడదన్న స్వరాలే గట్టిగా పలుకుతున్నాయని, కారణం ఆ వంపు బ్రిడ్జేనని 1921లో రామన్ గారు రాశారు. నోబెల్ బహుమతి వచ్చింది 1930లో, వెలుతురు పనికి. నాకైతే ఈ తంబూర పని కూడా అంతే ముద్దు.

గొంతు సంగతీ చెప్పాలి. జనగామ దగ్గరి మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి ఊరు, ఒగ్గుకథకు పేరు తెచ్చిన ఊరు. ఒగ్గుకథలో వీరం పొంగే చోట గొంతు నున్నగా ఉంటే కథ చప్పబడిపోతుంది. గొంతు బిగబట్టి తోస్తే లోపలి మడతలు ఒకే తీరుగా ఊగడం మానేస్తాయి, బొంగురు వస్తుంది, వినేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. బొంగురుతనంలో ఒక బలం ఉంది బిడ్డా, లోపల పట్టనంత ఏదో బయటికి తోసుకొస్తున్నదని చెవి గుర్తుపడుతుంది.

గిటారుకు ఫజ్ అంటింది యాదృచ్ఛికంగా. అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్ళో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తుంటే గ్రేడీ మార్టిన్ బేస్ గిటారు వాయిస్తున్నాడు. మిక్సింగ్ బల్లలో ఒక చానెల్ చెడిపోయి గిటారు బర్రుమంది. తీసేద్దామా ఉంచుదామా అని మాట్లాడుకొని ఉంచేశారు. 1961లో పాట బయటికొచ్చి అందరి నోళ్ళలో పడింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ కూర్చొని, చెడిపోయిన ఆ శబ్దాన్ని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారు చేశాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో కాలితో తొక్కే పెడల్‌గా అమ్మింది. లోపల మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, అంతే. మొదట్లో పెద్దగా అడిగినవాళ్ళు లేరు. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ళ సాటిస్‌ఫాక్షన్ పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని కాలితో తొక్కాక అంగళ్ళలో సరుకు మిగల్లేదు.

జెర్మేనియం అన్నాను కదా, అది 0.3 వోల్టుల దగ్గరే కరెంటుకు దారి ఇవ్వడం మొదలుపెడుతుంది, మెల్లమెల్లగా, అరచేతి తీరున. సిలికాన్ 0.6 దాకా ఆగి ఒక్కసారిగా ఇస్తుంది, కర్ర తీరున. అందుకే ముసలి గిటారిస్టులకు జెర్మేనియం మీద అంత ప్రేమ. కానీ దానికి ఎండ పడదు. వేడెక్కితే లోపల కరెంటు కారిపోతుంది, స్వభావం మారిపోతుంది. భూపాలపల్లిలో మే నెల మధ్యాహ్నం పాత జెర్మేనియం పెడల్ పెట్టుకొని వాయిస్తే పొద్దున పలికినట్టు పలకదు.

మరి ఎండ తగలని పెడల్ ఏది? లెక్కగా రాసుకున్న పెడల్! కంప్యూటర్‌లో శబ్దమంటే అంకెల వరుస, సాధారణంగా సెకనుకు 44,100 అంకెలు. ఒక్కో అంకెను తీసుకొని కొంచెం మార్చి వదిలితే అదే పెడల్. హైపర్బాలిక్ టాంజెంట్ అని ఒక లెక్క ఉంది, పెద్ద క్లాసులో చదువుతారు. వచ్చిన అంకెను పదితో గుణించి దానిమీద ఈ లెక్క వేయండి. 0.01 వస్తే దాదాపు 0.1 అవుతుంది, పది రెట్లు. 0.1 వస్తే 1 కావాలి గానీ 0.76 దగ్గర ఆగుతుంది. 0.5 వస్తే 5 కావాలి, 1 దగ్గరే ఆగిపోతుంది. అరచేయి తోసినట్టే లేదూ? ఇంకొకటి చూడండి. తీగ మీటాక శబ్దం 0.5 నుంచి 0.1కి పడిపోయినా బయటికి వచ్చేది 1 నుంచి 0.76కే తగ్గుతుంది. ఫజ్ గిటారు అంతసేపు మూలుగుతూ నిలబడే రహస్యం అదే.

అయితే ఒక చిక్కుంది. సెకనుకు 44,100 అంకెలతో 22,050 ఊపులకు పైన ఉన్నది రాయలేం. 5,000 ఊపుల అలను తెగ్గొడితే ఏడో రెట్టు 35,000 పుడుతుంది. దానికి చోటు లేదు. మాయమైపోతే బాగుండు, కానీ కాదు. 44,100 లోంచి 35,000 తీసేస్తే వచ్చే 9,100 దగ్గర దొంగవేషంలో తేలుతుంది. 5,000కు 9,100తో ఏ చుట్టరికమూ లేదు, అందుకే చెవికి ఇసుక తగిలినట్టుంటుంది. మంచి ప్లగిన్లు, అంటే ఇట్లాంటి లెక్క పెడళ్ళు, రాసేవాళ్ళు ముందు అంకెల సంఖ్యను నాలుగు రెట్లో ఎనిమిది రెట్లో చేసుకొని, అప్పుడు తల కోసి, పైనున్న చెత్తను వడకట్టి, మళ్ళీ 44,100కు దించుతారు. ఓపికగల పని. ఆ ఓపికను డబ్బులడగకుండా పంచుతున్న మనుషులున్నారంటే నాకు ఎంత సంతోషమో.

గిటారిక్స్ అని లినక్స్ మీద నడిచే ఆంప్లిఫయర్ ఉంది, దాన్ని రాసినవాళ్ళే పాత పెడళ్ళను ఒక్కొక్కటిగా ప్లగిన్లు చేసి పెట్టారు. జతిన్ చౌదరి రాసిన బియాడ్‌లో మీరే ట్రాన్సిస్టరు ముక్క, డయోడ్ ముక్క వరుసగా అతికించుకొని మీ సొంత పెడల్ కట్టుకోవచ్చు. స్టీవెన్ అట్కిన్సన్ రాసిన న్యూరల్ ఆంప్ మోడలర్ ఇంకో దారి పట్టింది. అసలు ఆంప్లిఫయర్‌లోకి కొద్ది నిమిషాల శబ్దం పంపి, ఏం లోపలికి పోతే ఏం బయటికొస్తుందో యంత్రమే చూసి నేర్చుకుంటుంది.

జతిన్ గారి పని చెప్పుకుంటే క్లాన్ సెంటార్ ముచ్చట రాకమానదు. 1990లలో బిల్ ఫినెగన్ చేత్తో చేసి అమ్మిన ఓవర్‌డ్రైవ్ పెడల్ అది. ఎవరూ చూసి కాపీ కొట్టకుండా సర్క్యూట్ మీద గట్టి జిగురు పోసి కప్పేశాడు. ఇప్పుడు పాత పెడల్ కొనాలంటే లక్షల మాట. పట్టు వదలనివాళ్ళు ఆ జిగురు గీకి లోపలి బొమ్మ గీశారు. ఆ బొమ్మను జతిన్ గారు లెక్కల్లోకి దింపి, కోడ్ మొత్తం అందరి ముందు పెట్టారు. జిగురు కింద దాచిన వస్తువును మహబూబాబాద్‌లో కూర్చున్న పిల్ల తన పాత ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఏ గీత ఎందుకు రాశారో చదువుకోగలదు, మార్చి చూడగలదు. డబ్బులు తీసుకోకుండా ఇచ్చి మూత మాత్రం బిగించి ఉంచే ప్లగిన్లు చాలా ఉన్నాయి, వాటితో వాయించుకోవచ్చు. నాకు మాత్రం మూత తీసిచ్చినవే ఇష్టం. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగు పిల్లలకు ఇన్నేళ్ళుగా చెప్తున్నదీ ఈ మాటే.

గిటారు లేదని దిగులొద్దు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ దింపుకోండి, అదీ మూత తీసిందే. జనరేట్ మెనూలో టోన్ అని ఉంటుంది, 110 ఊపుల నున్నని అల పుట్టించండి. ఎఫెక్ట్ మెనూలో డిస్టార్షన్ పెట్టండి. హెడ్‌ఫోన్ శబ్దం బాగా తగ్గించుకోండి, చెవులు మళ్ళీ కొనలేం. అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ నొక్కితే 330, 550, 770 దగ్గర ఒక్కో స్తంభం లేచి కనపడుతుంది.

తర్వాత 110, 165 రెండూ కలిపి, అంటే సా, పా కలిపి తల కోయండి. రెండు 110లలోంచి 165 తీసేస్తే 55, కింది స్థాయి సా తనంతట తానే మోగుతుంది. రాక్ గిటారిస్టులు ఫజ్ వేసినప్పుడు ఎక్కువగా సా, పా మాత్రమే పట్టుకునేది ఇందుకే, తంబూర శ్రుతి కూడా ఆ రెంటిదే. ఇప్పుడు వాటికి గిటారు మెట్టు మీది గాంధారం 138.6 చేర్చండి. దాని రెట్టింపులోంచి 110 తీస్తే 167.2 వస్తుంది, అది 165తో కొట్టుకొని సెకనుకు దాదాపు రెండుసార్లు శబ్దం వణుకుతుంది. 138.6 తీసేసి 137.5 పెట్టండి. ఈసారి రెట్టింపులోంచి 110 తీస్తే సరిగ్గా 165 వస్తుంది, ఆ వణుకు ఆగిపోతుంది. ఆ 137.5 ఎక్కడిదంటారా? తంబూరలో ఎవరూ మీటకుండా పలికిన గాంధారం, సా 110 అయితే, 550 కదా, దాన్ని నాలుగుతో భాగించి చూడండి.