కెంపు

నవరత్నాలలో ఎర్రనిది కెంపు. దీనినే మాణిక్యమనీ, పద్మరాగమనీ అంటారు. దానిమ్మగింజ వలె మెరిసే ఈ రాయిని పూర్వం నుండి రాజులు కిరీటాలలోను, భక్తులు దేవుని నగలలోను పొదిగించారు. అయితే ఎర్రగా మెరిసే ప్రతి రాయీ కెంపు కాదు. మరి కెంపును గుర్తించడం ఎలా?

అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన ఖనిజాన్ని కురువిందం అంటారు. దీనికి ఇంగ్లీషులో వాడే 'కోరండం' అనే మాట దక్షిణ భారత భాషల నుండి వెళ్ళినదే. శుద్ధమైన కురువిందానికి రంగు ఉండదు. అందులో క్రోమియం అతి స్వల్పంగా కలిస్తే అది ఎర్రబడి కెంపవుతుంది. ఇనుము, టైటానియం కలిస్తే నీలమవుతుంది. అంటే కెంపు, నీలం తోబుట్టువులన్నమాట! కాంతి లేని కురువిందాన్ని పొడి చేసి సానరాళ్ళ తయారీలో వాడతారు. కత్తికి పదును పెట్టే పొడి, కిరీటంలోని మణి ఒకే జాతివి.

ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుండి 10 వరకు అంకెలతో సూచిస్తారు. వజ్రానిది 10, కెంపుది 9. అందుచేత కెంపు గాజును సులభంగా గీస్తుంది. అంతేకాక అదే పరిమాణం గల నీటికంటె కెంపు 4 రెట్లు బరువు. 4 గ్రాముల కెంపును నీటిలో ముంచి తూస్తే సుమారు 3 గ్రాములే తూగుతుంది.

ఇటువంటి పరీక్షలు లేని కాలంలో రాజులు కూడా పొరబడ్డారు. బ్రిటిష్ రాజకిరీటంలో 'నల్ల యువరాజు కెంపు' అనే పెద్ద ఎర్రరాయి ఉంది. నిజానికి అది స్పినెల్ అనే వేరొక ఖనిజం. స్పినెల్ నీటికంటె 3.6 రెట్లు మాత్రమే బరువు, కాఠిన్యం 8. ఈ రెండు ఖనిజాలు వేరని 1783లో రోమే ద లీల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తేల్చాడు.

కెంపులకు మయన్మార్‌లోని మోగోక్ లోయ ప్రసిద్ధి. అక్కడ కెంపులు చలువరాతిలో పుట్టాయి. ఎండకు, వానకు ఆ రాయి అరిగిపోగా, గట్టివైన కెంపులు మిగిలి లోయలలోని కంకరలో చేరాయి. ప్రజలు గోతులు తవ్వి, ఆ కంకరను కడిగి, కెంపులను ఏరుతారు. శ్రీలంక, థాయిలాండ్, వియత్నాం దేశాలలో కూడా కెంపులు లభిస్తాయి. 2009లో ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంలో గొప్ప నిక్షేపాలు బయటపడ్డాయి. మన దేశంలో ఒడిశాలోని కలహండి జిల్లాలోను, కర్ణాటకలోని మైసూరు ప్రాంతంలోను కెంపులు దొరుకుతాయి. మైసూరు ప్రాంతపు కెంపులు కొన్నింటిలో వెలుగు పడగానే ఆరు కిరణాల నక్షత్రం కనిపిస్తుంది. రాతిలోపల సూదుల వంటి సన్నని స్ఫటికాలు ఉండటమే అందుకు కారణం.

కెంపును మనిషి కూడా తయారు చేయగలడు. ఫ్రాన్సుకు చెందిన వెర్నోయ్ అల్యూమినియం ఆక్సైడు పొడిని మంటలో కరిగించి కెంపు చేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. గడియారాలలో ఇరుసులు అరగకుండా ఇటువంటి చిన్న కెంపులనే అమర్చారు. 1960లో అమెరికాలో మైమన్ చేసిన మొదటి లేసర్‌లోను కృత్రిమ కెంపునే వాడాడు.

గని కెంపుకు, కృత్రిమ కెంపుకు పదార్థం ఒక్కటే. కాఠిన్యం, బరువు కూడా ఒక్కటే. కాని సూక్ష్మదర్శినిలో చూస్తే మంటలో చేసిన కెంపులో వంపు గీతలు, గాలి బుడగలు కనిపిస్తాయి. కృత్రిమ కెంపును వాడటంలో తప్పు లేదు. దానిని గని కెంపని చెప్పి అమ్మడమే మోసం. ఆ మోసానికి లోనుకాకుండా మనలను కాపాడేది శాస్త్రజ్ఞానమే.