మొక్కకు కట్టిన కర్ర ఎప్పుడు విప్పాలి? ఏడాది దాటితే చెట్టుకే ముప్పు!

వానలు మొదలయ్యాయంటే చాలు.. నాచారం, హెచ్‌ఎంటీ నగర్, ఉప్పల్ కాలనీల్లో మొక్కలు నాటే హడావుడి మామూలే. 2015 జులై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. ఇప్పుడు వన మహోత్సవం అంటున్నారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. మొక్క పెట్టడం, పక్కనే కర్ర పాతి బిగించి కట్టేయడం. నాటిన ఫొటోలు బోలెడు వస్తాయి.. కర్ర విప్పిన ఫొటో మాత్రం ఎక్కడా కనిపించదు!

అసలు మొక్క గాలికి ఊగాలి. ఊగితేనే కాండం మొదట్లో లావెక్కుతుంది, వేళ్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి. కదలకుండా కట్టేస్తే పొడుగ్గా పెరుగుతుంది గానీ అడుగున బలం ఉండదు. అలాంటి చెట్టు కిందే మనం బైకులు పెడతాం.

మరి కర్ర ఎవరికి కావాలి? నడుము ఎత్తులో ఉండి, తనంతట తాను నిలబడే వేప, కానుగ మొక్కలకు అక్కర్లేదు. నర్సరీ కవర్లో ఆరేడు అడుగులు సన్నగా పెరిగిన వాటికే అవసరం. అనుమానంగా ఉంటే కాండాన్ని మెల్లగా ఊపి చూడండి. మొదట్లో మట్టి కూడా కదిలితే కర్ర కట్టాలి.

వానాకాలంలో మనకు గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి వస్తుంది. అందుకే కర్ర ఆ వైపే, వేరుగడ్డకు బయట పాతాలి. లేదంటే గాలి వీచినప్పుడల్లా కాండం కర్రకు రాసుకుంటుంది. బైండింగ్ వైరు, నైలాన్ తాడు మాత్రం వద్దే వద్దు. కాండం లావెక్కే కొద్దీ అవి బెరడును కోసేస్తాయి. ఆకులు తయారు చేసే ఆహారం బెరడు గుండానే వేళ్లకు దిగాలి కదా! పాత సైకిల్ ట్యూబో, కాటన్ చీర ముక్కో ఎనిమిది అంకె ఆకారంలో, వదులుగా, వీలైనంత కిందికి కట్టండి.

ట్రీ గార్డు సంగతి వేరు. అది మేకలు, పశువుల నుంచి కాపాడటానికే. దానికి మొక్కను కట్టొద్దు.

జులైలో నాటితే సంక్రాంతికి ఓసారి తాడు విప్పి చూడండి. నిలబడిందా.. కర్ర తీసేయండి. ఇంకా ఒరుగుతుంటే ఏప్రిల్, మే గాలివానలు దాటేదాకా ఉంచొచ్చు. మళ్లీ వానలు పట్టేసరికి మాత్రం తీయాల్సిందే. పీకితే రాకపోతే బలవంతంగా లాగొద్దు.. వేళ్లు చుట్టుకుని ఉంటాయి. నేల మట్టానికి రంపంతో కోసేస్తే సరి.